చెరువుకు దొరికిన నిపుణుడు

చెరువు ఒడ్డున రసాయనాల ఫ్యాక్టరీ వస్తే నీళ్లకేమవుతుందో తేల్చడానికి నగరపాలక సంస్థ ఇంజనీరు ఒక నిపుణుణ్ణి నియమించిన పూటే, ఇంజనీరు బావమరిది ఆఫీసు తలుపు తోసుకుని వచ్చాడు. ఆ చెరువులో చేపలు పట్టి బతికే మనిషి. బావమరిది తలుపు తట్టి వస్తే ఏదో సాయం కావాలని; తోసుకొస్తే యుద్ధమే. ఏ ఇంట్లోనైనా అంతే.

"ఇంకెవడూ దొరకలేదా బావా? ఆ మహానుభావుడు ఏ ఫ్యాక్టరీనీ వద్దన్న పాపాన పోలేదు!"

"తెలుసు."

"చెరువు మొహం చూడకుండానే నీళ్లు భేషని రాసేస్తాడు."

"అదీ తెలుసు."

"తెలిసే మా నోట్లో మట్టి కొట్టావా? నీకు మా అక్కనిచ్చిన రోజు మా నాన్న బుర్ర ఏ గట్టున మేస్తోందో! థూ, నువ్వూ ఒక మనిషివేనా?"

ఇంజనీరు లేచి తలుపు మూశాడు. గొంతు తగ్గించాడు.

"కమిషనర్‌కి ఫ్యాక్టరీ కావాలిరా. నిజాయితీపరుణ్ణి పెడితే వాణ్ణీ నన్నూ పీకేసి, తన మనిషిని తెచ్చుకుంటాడు. వీడు చూడకుండా రాసిన రిపోర్టు ఒక్కటీ కోర్టులో నిలవలేదు. అన్ని ఫ్యాక్టరీలూ అక్కడే ఆగిపోయాయి. రిపోర్టు రాగానే నువ్వు కోర్టుకెళ్లు. పక్క గదిలో కమిషనర్ ఉన్నాడు. ఆయనకి అనుమానం రాకూడదు. తలుపు తీస్తాను, ఇందాకటిలాగే తిట్టు."

తలుపు తెరుచుకుంది. అంతవరకూ వరదలా పారిన తిట్లలో ఒక్కటీ బావమరిది నోటికి రాలేదు. చివరికి కళ్లనీళ్లు పెట్టుకుని, "నువ్వు మనిషివి కాదు బావా!" అని అరిచాడు.

ఆ ఏడుపు విని, పక్క గదిలో కమిషనర్ గెలిచినవాడిలా పకపకా నవ్వాడు.