మొదటి రిజిస్టరు

బడి మొదటి రిజిస్టరు గురువారం పోయింది. శతాబ్ది ఉత్సవానికి అప్పటికి పది రోజులే ఉంది.

మారేడ్‌పల్లిలోని ఆ చర్చి బడిలో మొట్టమొదట చేరిన పిల్లల పేర్లు, పాఠాలు చెప్పినవారి జీతాలు, బల్లల లెక్క అన్నీ అందులోనే ఉన్నాయి. బీరువా తాళం ఇరవై రెండేళ్ళుగా అటెండర్ దేముడుబాబు మొలతాడుకే ఉంటుంది. కాబట్టి ఉత్సవ కమిటీ కార్యదర్శి ధర్మరాజుకి దొంగ కోసం ఎక్కువ దూరం వెళ్ళాల్సిన పని పడలేదు.

"తాళం నీ తాననే ఉంటది గద. ఇంకెవరు తీస్తరయ్యా? కాగితాల దుకాణంల అమ్మినవా ఏంది?"

"నాకా పుస్తకం ఏటికి బాబూ? బీరువా తీస్తాను, ఏస్తాను. అందులో ఏటుందో నానెప్పుడూ సూడలేదు."

"ఉత్సవం లోపల దొరకాలె. దొరకలేదనుకో, నువ్వు సుత రాకు."

ప్రిన్సిపాల్ సలోమి మేడమ్ ఎటూ మాట్లాడలేదు. ధర్మరాజు రాసి తెచ్చిన ఫిర్యాదులో మూడు తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది, "రేపు చూద్దాం" అని తిరిగి ఇచ్చేశారు. పెళ్ళిపత్రిక ఇచ్చినా దిద్ది ఇచ్చే మనిషి ఆవిడ.

రిజిస్టరు లేదు కనుక సావనీరులో బడి చరిత్ర ఎక్కడినుంచి తెచ్చి వెయ్యాలన్నది ప్రశ్న అయింది. ఇంటర్నెట్‌లోని విజ్ఞాన సర్వస్వంలో బడి మీద ఒక వ్యాసం ఉందని ఎవరో చెప్పారు. సికింద్రాబాదులో సందుకొక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటరు వెలసిన రోజులవి. కంప్యూటర్లో కనిపించింది అబద్ధం కాదని ధర్మరాజు నమ్మకం. సోషల్ చెప్పే జెరెమియా సార్‌కి ఆ నమ్మకం లేదు. ఆ వ్యాసాన్ని పదో తరగతి హదస్సాకి ప్రాజెక్టుగా ఇచ్చారు.

"దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చమ్మా. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, దేన్ని చూసి రాశారు. అంతే."

హదస్సా చూసింది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఏ మార్పు ఏ రోజు ఏ వేళకు జరిగిందో జాబితా ఉంటుంది. పధ్నాలుగు వాక్యాల్లో ఒక్కదానికీ ఆధారం లేదు. తప్పు రాస్తే ఎన్నాళ్ళు నిలుస్తుందో చూద్దామని, మొదటి తెలుగు పంతులమ్మ పేరు తీసేసి తన అమ్మమ్మ సువార్త పేరు పెట్టింది. అబద్ధమాడటం పాపమే. ఆదివారం ప్రార్థనలో ఒప్పుకోవచ్చనుకుంది.

సోమవారానికి అసలు పేరు తిరిగి వచ్చేసింది. పక్కన ఒక గమనిక: "మొదటి రిజిస్టరు, తొమ్మిదో పేజీ, ఐదో వరుస."

హదస్సా దాన్ని మళ్ళీ చదివింది. రిజిస్టరు పోయింది గురువారం. సోమవారం దాని పేజీ నంబరు ఎవరు వేయగలరు, అది దగ్గరున్నవాళ్ళు తప్ప?

వెంటనే దేముడుబాబు దగ్గరికి పరిగెత్తింది.

"దేముడన్నా, నీకు ఇంటర్నెట్ వచ్చా?"

ఆయన ముఖం పాలిపోయింది. "అదీ పోనాదా ఏటి, పాపా?"

ఆ మాటతో ఆయన మీద ఉన్న ఆ కాస్త అనుమానమూ తీరిపోయింది.

మర్నాటి నుంచి రోజుకొక తప్పు రాసింది. గంట బరువు పెంచింది. బల్లలు తగ్గించింది. బడి పెట్టిన ఏడాది 1907ని 1807 చేసింది. అన్నీ సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకీ ఒంటిగంటన్నరకీ మధ్య, అన్నం బెల్లు వేళకే సరిదిద్దబడ్డాయి. గంటకి పేజీ నంబరు, బల్లలకి పేజీ నంబరు. ఏడాది మాత్రం పేజీ నంబరు లేకుండానే 1907 అయింది.

శుక్రవారం హదస్సా టిఫిన్ డబ్బా తెరవకుండా మేడ మీదికి వెళ్ళింది. ఆ బడిలో ప్రార్థన హాలుకి కూడా చెప్పులు విప్పరు గానీ, దుమ్ము పడితే పాడైపోతాయని కంప్యూటర్ గదికి మాత్రం విప్పాల్సిందే. గుమ్మం బయట ఒకే ఒక్క జత ఉంది. షుగరు ఉన్నవాళ్ళు వేసుకునే మెత్తటి నల్ల చెప్పులు. అలాంటివి బడి మొత్తానికి ఒక్కరికే ఉన్నాయి.

లోపల సలోమి మేడమ్ రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, ఒక్క వేలితో టైపు చేస్తున్నారు.

"మేడమ్!"

"నాక్ చేసి రావాలని తెలీదా?" అని గద్దించి, ఒళ్ళోకి చూసుకుని గొంతు తగ్గించారు. "నువ్వేనన్నమాట! మీ అమ్మమ్మ అప్పటికి పుట్టనే లేదు కదే, పాఠాలెలా చెప్తుంది?"

"దేముడన్న ఉద్యోగం పోతోంది మేడమ్."

"పోనిస్తానా? అందుకే కదా రోజూ 'రేపు చూద్దాం' అంటున్నాను."

"ఎల్లుండే ఉత్సవం. కాగితం రాసివ్వండి మేడమ్."

మేడమ్ రాసిచ్చారు. రిజిస్టరును బైండింగు కోసం తన దగ్గరున్న రెండో తాళంతో తానే తీశానని, దేముడుబాబు తప్పేమీ లేదని. సంతకం పెట్టాక మళ్ళీ తీసుకుని ఒక కామా దిద్దారు.

హదస్సా దాన్ని నాలుగు మడతలు పెట్టి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మేడమ్, అన్నిటికీ పేజీ నంబరు వేశారు. ఏడాదికి ఎందుకు వెయ్యలేదు?"

మేడమ్ పెన్నుకి మూత పెట్టారు.

"దొంగతనమంటే చేశాను గానీ, తప్పుడు పేజీ నంబరు ఎలా వేస్తానే?" అని రిజిస్టరు మొదటి పేజీ తెరిచి ఆమె వైపు తిప్పారు.

హదస్సా ఆ పేజీ పైనున్న తేదీని రెండుసార్లు చదివి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

కింద మైదానంలో షామియానా గుంజలు పాతుతున్నారు, పన్నెండు వందల కార్డులు పంచేశారు, మంత్రిగారు తప్పక వస్తానన్నారు. బడికి నూరేళ్ళు పూర్తి కావడానికి మాత్రం ఇంకా మూడేళ్ళు ఉంది.