పదకొండు జాకెట్టు ముక్కలు

నిఖితా,

నిన్న ఫోనులో నువ్వన్నది తప్పు. మన చీరల దుకాణంలో తగ్గిన నలభై జాకెట్టు ముక్కలు పనిచేసే అలివేలు తీయలేదు, నేను తీశాను. ఇంటికొచ్చిన ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఉత్త చేతులతో పంపలేం కదా. ఈ మాట చెప్పేలోపే ఫోను పెట్టేశావు. ఈ పోస్టుకార్డును పెట్టేయలేవు.

సోమవారం పన్నులవాళ్లు సరుకు లెక్క చూస్తారనీ, తేడా ఉంటే జరిమానా అనీ సూర్యాపేట ఆడిటరు అన్నాడట. అందుకే ఇన్నేళ్లుగా పేరంటాల్లో నాకొచ్చిన ముక్కలన్నీ పెట్టెలోంచి తెచ్చి దుకాణంలో సర్దాను. అలివేలు లెక్కపెట్టింది.

"పెద్దమ్మా, పోయినయి నలభై, మీరు తెచ్చినయి యాభై ఒకటి. తక్కువైతే నన్ను దొంగన్నరు. గిప్పుడు ఎక్కువైనయి, మరి ఎవరు దొంగ?"

ఎక్కువున్నా తేడాయేనట. పదకొండూ వెనక్కి తెద్దామంటే, "మళ్ల తీస్తున్నరా?" అని గుమ్మానికి అడ్డం నిలబడింది.

కనుక ఆదివారం వచ్చేటప్పుడు కుంకుమ పొట్లం, తమలపాకులు పట్టుకురా. పదకొండు మందికి నువ్వే బొట్టు పెట్టి ఇవ్వు. మొదటిది అలివేలుకు, క్షమించమని అడిగి మరీ. బదులుగా ఆమె నీకొకటి ఇస్తే మాత్రం, అది మళ్లీ సరుకులో కలిసి లెక్క తప్పకుండా, సోమవారం దాటేదాకా తీసుకోకు.

నానమ్మ, మిర్యాలగూడ