ప్లేటు గీకిందెవరు?

మూడోసారి కూడా ప్లేటు గీకేసి ఉంది.

టెక్నీషియన్ దాన్ని లైటు కింద తిప్పి తిప్పి చూశాడు. కాన్సర్ ఆపరేషన్‌లో ఈ పెద్దమనిషికి అంగిలి సగం తీసేశారు. ఆ కంతను మూసే ప్లేటు ఇది. పెట్టుకుంటేనే మాట, పెట్టుకుంటేనే ముద్ద. చుక్క నీరు ముక్కులోకి పోకుండా కుదిర్చి పంపాడు తను. ఇప్పుడు అంచంతా పల్చగా అరిగి ఉంది. దానంతటది అరిగింది కాదు. ఎవరో ఆకురాయి పట్టారు. ప్లేటు తిరిగిచ్చి, అతను నోట్లో పెట్టుకున్నాక అడిగాడు.

“ఇంట్లో దీన్నెవరు ముట్టుకుంటున్నారు?”

“ఎవరూ లేరండీ,” అన్నాడు పెద్దమనిషి, నేలచూపులు చూస్తూ.

“మంచినీళ్ళు తాగండి, చూద్దాం.”

తాగాడు. సగం ముక్కులోంచి వచ్చాయి. చప్పుడు కాకుండా రుమాలుతో తుడుచుకుని, “బాగానే ఉందండీ,” అన్నాడు. టెక్నీషియన్‌కి ఒళ్ళు మండిపోయింది.

రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గాడు మనిషి. ఇలాగే ఉంటే గొట్టం వేసి పాలు పోయాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. చివాట్లు మాత్రం టెక్నీషియన్‌కి పడ్డాయి.

“ఈసారి మీ ఆవిణ్ణి తీసుకురండి.”

“తనకి వీలుపడదండీ.”

ఎలా పడుతుంది? ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఈయన తమ్ముడే కనిపెట్టుకుని ఉన్నాడు. ఆ మహాతల్లి ఒక్కనాడూ ఈ గుమ్మం తొక్కలేదు. మొగుడు చావుబతుకుల్లో ఉంటే రాని మనిషి, మొగుడి నోటికాడ కూడు తీయదని నమ్మకమేంటి?

ప్లేటు మళ్ళీ సరిచేసి ఇచ్చాడు. సాయంత్రం ఫైల్లో అడ్రసు చూసుకుని, చెప్పాపెట్టకుండా వాళ్ళింటికి వెళ్ళాడు.

తలుపు తీసే ఉంది. ముందుగదిలో కుర్చీలో ఆవిడ. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో గోళ్ళు రాసుకునే ఆకురాయి. గీకడం, బొటనవేలితో తడమడం, మళ్ళీ గీకడం. అనుకున్నంతా అయింది.

“ఏంటమ్మా ఈ పని? ఆ ప్లేటు చేసినవాణ్ణి నేను. మీరు గీకినప్పుడల్లా ఆయన తాగిన నీళ్ళు ముక్కులోంచి కారిపోతున్నాయి.”

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. “నాకు తెలీదు బాబూ. అడిగితే బాగానే ఉందంటారు.”

“పక్కన కూర్చుని అన్నం పెడతారు కదా, కనబడదా?”

ఆవిడ తలొంచుకుంది.

లోపల్నుంచి పెద్దమనిషి తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని పరుగున వచ్చాడు. ఆవిడ చేతిలోంచి ప్లేటు తీసుకుని నోట్లో బిగించుకున్నాడు. అంత కోపంగా అతన్నెప్పుడూ చూడలేదు టెక్నీషియన్.

“తననేమీ అనకండి. గీకమన్నది నేను. నాది మొదట్నుంచీ ముక్కుగొంతండీ. మీరు బిగించి ఇస్తే ఎవరిదో గొంతు వస్తోంది, కాస్త గీకితే నాది వస్తోంది. పుట్టుకతోనే చూపు లేదు కదండీ తనకి, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి పిలిస్తే, ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన నన్ను ‘ఎవరండీ తమరు’ అంది.”