అమ్మ మెస్సు గంజు

స్వరూప ఆడబిడ్డ ప్రమీలది చాలా పెద్ద మనసు. ఎవరి గొప్పనైనా ఇట్టే తన పుట్టింటి గొప్పగా చేసేసుకుంటుంది.

ఆ రోజు అశోక్ నగర్ చరిత్ర మ్యూజియంలో కొత్త వియ్యపురాలిని పెద్ద ఇత్తడి వంట గంజు ముందు నిలబెట్టి, “ఇది మా పుట్టింటిదే! గీ గంజు ఎంతమంది హాస్టల్ పిల్లల కడుపు నింపిందో!” అంటోంది.

వెనకే ఉన్న స్వరూప ఎంతో వినయంగా, “ఆ బటన్ నొక్కుండ్రి వదినా, ఇచ్చినోళ్ల మాటలు వినొస్తయి,” అంది.

ప్రమీల నొక్కింది. స్వరూప గొంతే వినిపించింది.

“ఇది మా అమ్మ గంజు. మెస్సు నడిపి నన్ను చదివించింది. అమ్మ పోయినంక అత్తగారింటికి తెచ్చుకుంటే, ‘వంటమనిషి గంజు మా ఇంట్ల ఎందుకు? తుక్కోనికి ఎయ్యి,’ అన్నది మా ఆడబిడ్డ.”

వియ్యపురాలు గంజు మీద చెయ్యి వేసింది. “మా ఆయన గూడ ఈడ మెస్సులల్ల తినుకుంట చదివి నౌకరి తెచ్చుకున్నడు,” అని స్వరూప వైపు తిరిగింది. “మీకు ఆడబిడ్డలు ఎంతమందమ్మా?”

“ఒక్కరే.”

ప్రమీల స్వరూప మోచెయ్యి గిల్లి, “గట్ల అన్నది ఎవరో దూరపు చుట్టమని చెప్పవే! నా ఇజ్జత్ పోతది,” అని గొణిగింది.

ఆ ఒక్క అబద్ధంతో గండం గట్టెక్కేదే. స్వరూప మాత్రం తాపీగా, “మళ్లా నొక్కాల్నా వదినా?” అంది.

ప్రమీల ఇద్దరి ముఖాలూ చూసింది. చివరికి అందరికీ వినబడేలా అంది.

“ఆ మాట నేనే అన్న. మీ అమ్మను గంత మాట అనుడు నా తప్పే, స్వరూపా.”