కాపలా మిషను

"ఇవాళ నోరు జారావంటే మన కొంప మునిగినట్టేనే సుగుణా!" అంది వరహాలమ్మ, కూతురికి జడ వేస్తూ.

దాడి జరిగాక పిల్లకి మాట పడిపోయింది; ఈమధ్యే తల్లితో గుసగుసలాడుతోంది. ఒక్క మాట బయట పడితే నయమైనట్టే లెక్క. పిల్లకి నయమయ్యేదాకా అని గుమ్మంలో పెట్టిన కాపలా మిషనుని సర్కారువాళ్లు విప్పుకుపోయి, విదేశాలకి సాయం పంపే ఓడెక్కించేస్తారు. దాడి చేసినవాడేమో జైలు నుంచి వచ్చి ఎదురింట్లోనే ఉంటున్నాడు.

మధ్యాహ్నం తనిఖీకి అధికారి వచ్చి తియ్యగా అడిగాడు. "తుపాను దేశాల్లో నీలాంటి ఆడపిల్లలు ఎందరో ఉన్నారమ్మా. ఈ మిషను వాళ్లకి పంపేద్దామా?"

"పిల్లకి మాటే రాదు బాబూ, నన్నడగండి," అంది వరహాలమ్మ.

"మిమ్మల్ని కాదు."

ఇచ్చిన టీ మీగడ కట్టింది. ఆయన కదల్లేదు. సుగుణ ఎదురింటి కిటికీనే చూస్తూ ఉండిపోయింది.

చాలాసేపటికి పెదవి విప్పింది.

"తీసుకుపోకండి సార్. నాకు భయం."