దించుకున్న రాయి

తెల్లవారకముందే యాత్రికులను కొండ మీది ఇనుప శిలువ దాకా నడిపించడం దారి చూపే ఎలాదియో పని. ఇంటి నుంచి తెచ్చిన రాయిని దాని కింద పెడితే మనసులో బరువు దిగిపోతుందంటారు. రాయి తేవడం మరిచినవాళ్ల కోసం అతను శిలువ కింద పోగైన కుప్పలోవే నాలుగు ఏరి జేబులో ఉంచుకుంటాడు. ఎక్కడి రాయైతే దేవుడికేం?

ఆ రోజు చీకట్లో, వరసలో నడుస్తున్న ముసలి యాత్రికురాలు ఒబ్దూలియాకు ఒకటి అందించాడు. "తీసుకో పెద్దమ్మా. వట్టి చేతులతో పోతావా?"

ఆమె రాయిని తడిమి ఆగిపోయింది.

"ఈ గీతలు నేను గీసినవే. ఏట్లో మునిగి పోయిన నా కొడుకు పేరు. పోయినేడు దీన్ని అక్కడ పెట్టాకే వాడు నా వెనక నడవడం మానాడు. మొక్కు తీర్చుకుందామని వస్తుంటే, మళ్లీ నా చేతికే ఇస్తావా?"

"రాళ్లన్నీ ఒకలాగే ఉంటాయిలే" అని ఎలాదియో నవ్వబోయాడు.

వరసకు వెనక తడిసిన బూట్ల చప్పుడు వినిపించింది. నెల రోజులుగా వాన చుక్క లేదు.

ఒబ్దూలియా వెనక్కి చూడలేదు. రాయిని ముద్దు పెట్టుకుని అతని జేబులో వేసింది.

"నువ్వెత్తుకున్నావు. నువ్వే మొయ్యి నాయనా."

ఆమె దీపం, తక్కినవాళ్ల దీపాలు మలుపు తిరిగిపోయాయి. తడి అడుగులు మాత్రం ఆమె వెంట పోలేదు. ఎలాదియో ఒక అడుగు వేశాడు. వెనక ఇంకో అడుగు పడింది.