గొణిగే అలవాటు

ఆట మళ్ళీ నన్ను బయటికి గెంటేసింది. "మీ అకౌంట్‌లోకి వేరొకరు లాగిన్ అయ్యారు." పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ ఇదే వరస! మూడేళ్ళు కష్టపడి కట్టుకున్న కోట అప్పనంగా ఎవడి పాలో అవుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఆయనకి నైట్ డ్యూటీ. ఇంట్లో నేనొక్కదాన్నే. తమ్ముడికి ఫోన్ చేశాను.

"మళ్ళీ మార్చక్కా, నేను లైన్లోనే ఉంటా," అన్నాడు.

మార్చాను. వాడు పకపకా నవ్వాడు. "టైప్ చేస్తూ ఒక్కో అక్షరం పైకి గొణుగుతావేంటే? నాకు మొత్తం వినపడింది."

"చిన్నప్పటి అలవాటురా. ఇక్కడ వినేవాళ్ళెవరున్నారు?"

అంటుండగానే ఆట గెంటేసింది.

"నువ్వేనా?"

"నేను కాదక్కా, ఒట్టు!"

ఈసారి పెదాలు బిగించి, చప్పుడు లేకుండా మార్చాను. చాలాసేపు చూశాను. కోట గోడ మీద నా బొమ్మ అలాగే నిలబడి ఉంది. హమ్మయ్య అనుకుని ఫోన్ పెట్టేశాను.

గదిలో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడొక్కటే.

తర్వాత నా తల పైన, అటక మీద, ఎవరో మెల్లగా ముందుకి జరిగారు.

"ఈసారి వినపడలేదమ్మా," అంది ఓ గొంతు. "కాస్త పైకి చెప్పు."